ఉద్యోగం ఒకరిది... ఇల్లు ఇంటిల్లిపాదిదీ

ఆఫర్ లెటర్ వచ్చింది. వీసా స్టాంపింగ్ అయింది. సూట్‌కేసు 23 కిలోలు దాటకుండా ఆవకాయ, కారప్పొడి, కుక్కర్ ఎలా సర్దాలన్నది అమ్మ చూసుకుంటోంది. ఇన్ని పనుల మధ్య ఒక పెద్ద నిర్ణయం చిన్న ఫోన్ కాల్‌లో తేలిపోతుంది. ‘‘అన్నా, డల్లాస్‌లో జాబ్. ఎక్కడ ఉండమంటావ్?’’ ‘‘ఫ్రిస్కో వచ్చెయ్ తమ్ముడూ, మనవాళ్లంతా ఇక్కడే.’’ అంతే, ఇల్లు ఖాయమైపోతుంది. కూకట్‌పల్లిలో రెండు గదుల పోర్షన్ కావాలంటే మంజీరా నీళ్లొస్తాయా, స్కూలు బస్సు గల్లీలోకి వస్తుందా, ఓనరు పై అంతస్తులోనే ఉంటాడా అని నాలుగు వీధులు తిరిగి అడుగుతాం. సముద్రాల అవతల ఏడాది లీజు మీద మాత్రం ఫొటోలు చూసి సంతకం పెట్టేస్తున్నాం.

పరాయి దేశంలో ఇల్లు వెతికేటప్పుడు అందరూ ముందు చూసేది ఆఫీసు ఎంత దూరమని. తర్వాత అద్దె ఎంతని. ఈ రెండూ ఉద్యోగం చేసే మనిషి లెక్కలు. ఆ మనిషికి పగలంతా ఆఫీసుంది, మధ్యాహ్నం కబుర్లు చెప్పుకుంటూ తినడానికి నలుగురున్నారు. వెంట వెళ్లిన భార్యకో భర్తకో, కొత్త భాషలో ఇంకా నోరు తిరగని పిల్లలకో, ఆర్నెల్లు ఉందామని వచ్చిన అమ్మానాన్నలకో మిగిలేది ఆ ఇల్లు, ఆ వీధి. అందుకే ఇల్లు చూడాల్సింది వాళ్ల కళ్లతో.

కారు లేని పగలు

డల్లాస్ సంగతే చూద్దాం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. టెలికాం, బ్యాంకింగ్, టెక్ కంపెనీలు ప్లేనో, ఇర్వింగ్ చుట్టూ పెరిగాయి. 1986 నుంచీ పనిచేస్తున్న ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం ఉంది. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది. పండక్కి పిండివంటలు ఆర్డర్ మీద ఇంటికే వస్తాయి. మనవాళ్లు అక్కడ చేరడానికి ఇన్ని కారణాలున్నాయి, అన్నీ మంచివే.

ఇక పగటి సంగతి. డల్లాస్‌కు డార్ట్ అనే రైలు వ్యవస్థ ఉంది కానీ అందులో చేరిన ఊళ్లకే అది వెళుతుంది. ఫ్రిస్కో అందులో లేదు. హెచ్1బి వీసా మీద వెళ్లినవాళ్ల భార్య లేదా భర్త హెచ్4 వీసా మీద ఉంటారు. సాధారణంగా ఉద్యోగికి గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 పిటిషన్‌కు ఆమోదం వచ్చాకే, అదీ 2015లో తెచ్చిన నిబంధన పుణ్యమా అని, వాళ్లకు పనిచేసే అనుమతి దొరుకుతుంది. కంపెనీ బదిలీ మీద ఇచ్చే ఎల్1 వీసాతో వెళ్లినవారి భాగస్వాములకు ఈ ఇబ్బంది లేదు. హెచ్4 వాళ్లకు మాత్రం మొదటి ఏళ్లు ఇంటిపట్టునే గడుస్తాయి. ఇంట్లో ఉన్న ఒక్క కారు ఉదయమే ఆఫీసుకు వెళ్లిపోతుంది. వేసవిలో 38 డిగ్రీలు దాటే ఎండలో, ఆరు వరసల రోడ్డు పక్కన పాలకోసం నడిచి వెళ్లడం ఎవరివల్లా కాదు. ఇక్కడ బీటెక్ చదివి, నాలుగేళ్లు ఉద్యోగం చేసిన అమ్మాయి అక్కడ సాయంత్రం ఆరింటి దాకా కిటికీ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. దీన్ని కొత్తలో అలవాటు కాకపోవడమని కొట్టిపారేస్తారు. ఇల్లు ఎంచుకున్న తీరు వల్ల వచ్చిన కష్టమిది, ముందే తప్పించగలిగినది.

అదే ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్ వైపు చూడండి. డార్ట్ ఆరెంజ్ లైన్ అటుగానే వెళ్లి, 2014 నుంచి విమానాశ్రయం దాకా చేరుతోంది. స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో అపార్ట్‌మెంట్ దొరికితే కారు లేకున్నా కాలు బయటపెట్టొచ్చు. రైలు లేని ఊరే తప్పదనుకుంటే పబ్లిక్ లైబ్రరీ, పార్కు, కిరాణా కొట్టు, ఈ మూడింట్లో రెండైనా నడిచి వెళ్లే దూరంలో ఉండాలి. అమెరికా లైబ్రరీని తక్కువ అంచనా వేయొద్దు. సభ్యత్వానికి డబ్బు కట్టక్కర్లేదు, పసిపిల్లలకు కథలు చెప్పే గంట ఉంటుంది, చాలాచోట్ల ఇంగ్లిష్ తరగతులూ నడుపుతారు. కొత్త ఊళ్లో మొదటి స్నేహాలు చాలామందికి అక్కడే మొదలవుతాయి.

న్యూజెర్సీలో లెక్క ఇంకోలా ఉంటుంది. ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డు చుట్టూ ఇళ్లు విశాలం, ఇండియన్ కొట్లకు కొదవలేదు. జెర్సీ సిటీలో అదే డబ్బుకు చిన్న ఇల్లే వస్తుంది. కానీ అక్కడ్నుంచి మాన్‌హట్టన్‌కు పాత్ రైలు 24 గంటలూ నడుస్తుంది, జర్నల్ స్క్వేర్ దగ్గరి ఇండియన్ బజారుకు చేతిసంచీతో నడిచి వెళ్లొచ్చు. రెండో కారు వాయిదా, బీమా, పెట్రోలు అద్దెకు కలిపి చూస్తే ‘చౌక’ అనుకున్న ఇల్లు చౌకగా మిగలదు. దూరంగా విశాలమైన ఇంటికన్నా మనుషులు తిరిగే వీధిలో చిన్న ఇల్లే మేలు. కనీసం మొదటి ఏడాది.

పిన్‌కోడ్ చెప్పని బడి

పిల్లలున్నవాళ్లు అమెరికాలో ఊరు పేరు చూసి మోసపోతారు. ప్రభుత్వ బడిలో సీటు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. బడి జిల్లా సరిహద్దు, ఊరి సరిహద్దు ఒకటి కావు. ఇర్వింగ్ చిరునామా ఉన్న వ్యాలీ రాంచ్‌లో కొన్ని ఇళ్లు కాపెల్ బడి జిల్లాలోకి, కొన్ని కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ జిల్లాలోకి వస్తాయి. లీజింగ్ ఆఫీసువాళ్ల నోటిమాట సరిపోదు. బడి జిల్లా వెబ్‌సైట్‌లో అపార్ట్‌మెంట్ పూర్తి చిరునామా కొట్టి చూసుకోవాలి. బడికి రేటింగ్ పదికి పది ఉంటే చాలనుకోవడం కూడా తొందరపాటే. ఆ రేటింగుల్లో పరీక్షల మార్కులకే పెద్ద వాటా. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే టీచర్లున్నారా, బస్సు ఇంటిదాకా వస్తుందా అన్నవి అందులో కనిపించవు.

ఉద్యోగం పోతే లీజు ఏమవుతుంది?

దీని గురించి ముందే మాట్లాడుకోవడం అపశకునమనుకుంటాం. మాట్లాడుకోవాలి. హెచ్1బి ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం చూసుకోవడానికో, మరో మార్గం వెతుక్కోవడానికో దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అపార్ట్‌మెంట్ లీజు సాధారణంగా ఏడాది. 2022 చివర్లో మొదలైన లేఆఫ్‌లలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ రెండు గడువుల మధ్య నలిగాయి. సంతకానికి ముందే లీజు మధ్యలో ముగించుకునే షరతు ఉందా, ఉంటే ఎన్ని నెలల అద్దె కట్టాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అని అడిగి, కాగితం మీద చూసుకోండి. టెక్సాస్‌లోనైతే మధ్యలో ఖాళీ చేసిన ఇంటిని మళ్లీ అద్దెకిచ్చే ప్రయత్నం యజమాని కూడా చేయాలని చట్టమే చెబుతోంది.

ఇంటినుంచి పనిచేసేవారికి ఇంకో జాగ్రత్త. హెచ్1బి పిటిషన్‌లో పనిచేసే చోటు రాసి ఉంటుంది. ఇంట్లోనే పనిచేస్తే ఆ ఇల్లే పనిచేసే చోటు. అద్దె తక్కువని వేరే మహానగర ప్రాంతానికి మారాలంటే, మారకముందే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. 2015లో వచ్చిన ఒక నిర్ణయం దీన్ని స్పష్టం చేసింది. ముందు సామాన్లు దించుకుని తర్వాత హెచ్ఆర్‌కు చెబుదామనుకుంటే కుదరదు.

దుబాయ్‌లో ఉద్యోగం, షార్జాలో కాపురం

గల్ఫ్ కుటుంబాల్లో ఎప్పుడూ నడిచే చర్చ ఇది. షార్జాలో అద్దె తక్కువ. ఉద్యోగం దుబాయ్‌లో. మధ్యలో అల్ ఇత్తిహాద్ రోడ్డు. పొద్దున అటు, సాయంత్రం ఇటు ఆ దారిలో కార్లు చీమల బారులా కదులుతాయి. 2009లో మొదలైన దుబాయ్ మెట్రో షార్జా దాకా రాదు. ఊళ్ల మధ్య బస్సులున్నా అవీ అదే ట్రాఫిక్‌లో నిలబడతాయి. అద్దెలో మిగిలిన దిర్హాములకు బదులు, పిల్లలు నిద్రపోయాక తండ్రి ఇల్లు చేరతాడు.

2022 జనవరిలో వారాంతాలు మారాక చిక్కు ఇంకొంచెం పెరిగింది. దుబాయ్‌లో ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం ఒక్కపూట పని, శని, ఆదివారాలు సెలవు. షార్జాలో బడులకు శుక్ర, శని, ఆది మూడు రోజులూ సెలవే. తల్లిదండ్రులిద్దరూ దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ పిల్లల్ని షార్జా బడిలో వేస్తే శుక్రవారం వాళ్లను ఎవరు చూసుకుంటారు? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే షార్జా అద్దె గురించి మాట్లాడుకోవాలి.

డబ్బు లెక్కకూడా అద్దె ఒక్కదానితో తేలదు. అక్కడ ఏడాది అద్దెను ముందుతేదీల చెక్కులుగా ఇస్తారు. తక్కువ చెక్కుల్లో కడితే అద్దె కాస్త తగ్గుతుంది. అంటే చేరిన నెలలోనే పెద్ద మొత్తం చేతిలో ఉండాలి. దుబాయ్‌లో అపార్ట్‌మెంట్ కరెంటు, నీళ్ల కనెక్షన్‌కు 2,000 దిర్హాముల డిపాజిట్ కట్టాలి. అద్దెలో 5 శాతం మునిసిపాలిటీ రుసుము నెలనెలా ఆ బిల్లులోనే కలిసి వస్తుంది. ఒప్పందాన్ని ఎజారీ అనే ప్రభుత్వ అద్దె నమోదు వ్యవస్థలో నమోదు చేయించాలి. ఆ కాగితం లేకుండా కుటుంబ వీసా కష్టం. అందుకే నలుగురితో పంచుకునే గదిలో ఒక మంచానికి అద్దె కట్టి (బెడ్‌స్పేస్‌) సర్దుకున్న మనిషి భార్యాపిల్లల్ని తీసుకురావాలంటే ముందు ఇల్లు మారాలి.

జర్మనీ, సింగపూర్

జర్మనీలో కథ కాగితంతో మొదలవుతుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. ఆ నమోదు మీదే పన్ను నంబరు వస్తుంది. తాత్కాలిక బస చూసుకునేటప్పుడు అక్కడ నమోదుకు ఒప్పుకుంటారా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఇంటిని వేడిచేసే ఖర్చు, నీళ్లు కలపని అద్దె ఒకటి, కలిపింది ఇంకొకటి. ప్రకటనలో ఏది రాశారో చూసుకోకపోతే నెల బడ్జెట్ తారుమారవుతుంది. చాలా ఇళ్లకు వంటగది అంటే ఖాళీ గోడలే. స్టవ్, సింకు, అలమరలు మనమే కొనుక్కోవాలి. డిపాజిట్ మూడు నెలల అద్దె దాటకూడదని చట్టముంది. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కూ ఉంది. అడిగితేనే దక్కే హక్కు అది.

నిపుణులకు ఇచ్చే బ్లూకార్డు మీద వెళ్లినవారి భాగస్వామి అక్కడ మొదటిరోజు నుంచే ఉద్యోగం చేయొచ్చు. కాబట్టి వాళ్లకు ఉద్యోగం దొరికే ఊరు, భాష నేర్చుకునే తరగతి, పసిపిల్లల్ని చూసే కేంద్రం కావాలి. ఏడాది నిండిన బిడ్డకు ఆ కేంద్రంలో చోటు పొందే హక్కు 2013 నుంచి ఉన్నా పెద్ద నగరాల్లో సీట్లు చాలవు. మ్యూనిక్ నడిబొడ్డున గది కోసం నెలల తరబడి వెతికేకన్నా, లోకల్ రైలు వెళ్లే చిన్న ఊళ్లో ఇల్లు తీసుకోవడం చాలామందికి నప్పుతుంది. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులకు పనికొచ్చే నెల టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలు.

సింగపూర్‌లో రవాణాకు దిగులు లేదు. ప్రభుత్వ ఫ్లాట్‌ను మొత్తంగా అద్దెకు తీసుకోవాలంటే విదేశీయులకు ఒక్కో బ్లాకులో, ఒక్కో పేటలో కోటా ఉంటుంది. ఇల్లు నచ్చాక కాదు, నచ్చకముందే అది చూసుకోవాలి. ఉద్యోగం పోయినా, బదిలీ అయినా లీజు మధ్యలో వదులుకునే డిప్లొమాటిక్ క్లాజ్ లేకుండా రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు.

మనవాళ్లు ఎంత దగ్గర?

పురుడు జరిగిన ఇంటికి పథ్యం వండి తెచ్చేది మనవాళ్లే. కారు చెడిపోతే అర్ధరాత్రి వచ్చేదీ మనవాళ్లే. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి తరగతుల్లో పిల్లలు తెలుగు దిద్దుతున్నారంటే చుట్టూ పదిమంది ఉండబట్టే. అయినా అందరూ ఒకే కాంప్లెక్సులో ఉంటే ఇంకో బరువు పడుతుంది. ఎవరు ఇల్లు కొన్నారు, ఎవరికి గ్రీన్‌కార్డు వచ్చింది అన్న మాటలు లాండ్రీ గదిదాకా వస్తాయి. ఉద్యోగం పోయిన సంగతి పక్కింటికి తెలియకుండా ఉదయాన్నే బ్యాగుతో బయటకు వెళ్లేవాళ్లున్నారు. మనవాళ్లు పావుగంట దూరంలో ఉంటే చాలు. ఎదురు తలుపే కానక్కర్లేదు.

ఎంచుకునే వీలే లేనివాళ్లు

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వెళ్లే కూలీలకు, కడప, కోనసీమల నుంచి కువైట్‌కు వెళ్లే ఇంటిపని మహిళలకు ‘ఎక్కడ ఉంటారు’ అని ఎవరూ అడగరు. కంపెనీ క్యాంపులో ఉంచుతుంది, లేదా యజమాని ఇంట్లోనే ఉండాలి. వీళ్లకు ఇల్లు ఎంచుకునే సమయం ఒక్కటే, ఇక్కడ కాంట్రాక్టు మీద వేలిముద్రో సంతకమో పెట్టే సమయం. బస ఎవరిస్తారు, గదికి ఎందరు, పనిచోటుకు బస్సు ఉందా, ఇంటిపని అయితే లోపల గడియ పెట్టుకునే గది ఇస్తారా అని అప్పుడే అడగాలి. ఖతర్‌లో 2021 నుంచి యజమాని బస ఇవ్వకపోతే కనీస వేతనం మీద నెలకు 500 రియాళ్లు అదనంగా ఇవ్వాలి. ఏజెంటు ఈ సంగతి తనంతట చెప్పడు. ఇళ్లలో ఉండి పనిచేసేవారికి గౌరవంగా బతికే చోటు, ఏకాంతం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు, ఆమోదించాలి. విదేశాలకు వెళ్లేవారి కోసం తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీఎస్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. కాంట్రాక్టు చేతికి రాగానే అక్కడ చూపించండి. విమానం ఎక్కాక అడిగితే ప్రయోజనం ఉండదు.

సంతకానికి ముందు

ఏడాది లీజు ఇక్కడి నుంచి కుదుర్చుకోకండి. మొదటి నెల బస ఇవ్వమని కంపెనీని అడగండి. చాలా కంపెనీలు అడిగినవాళ్లకే ఇస్తాయి. ఆ నెలలో ఇళ్లు చూసేటప్పుడు ఆదివారం సాయంత్రం కాకుండా మంగళవారం మధ్యాహ్నం వెళ్లండి. వీధిలో మనుషులు ఉంటారా, కొట్టుకు నడిచి వెళ్లగలమా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో పగలంతా ఉండబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఆ మనిషి ఇంకా ఊళ్లోనే ఉంటే వీడియో కాల్ చేసి ఇంటితోపాటు వీధినీ చూపించండి. ‘నువ్వు ఎలా అంటే అలా’ అంటే ఆగకండి, మళ్లీ అడగండి. ఆ మనిషి సరేనన్నాకే లీజు మీద సంతకం పెట్టండి.