అమెరికా కళాశాలలకు రెండవ దరఖాస్తు

ఏటేట మార్చి మాసాంతమున అమెరికా కళాశాలల ప్రవేశ నిర్ణయములు వెలువడును. ఆ వారమున మన పట్టణములలోని కొన్ని యిండ్లలో మాటలు తగ్గిపోవును. తరగతిలో ఎన్నడును మొదటి స్థానము తప్పని బాలుడు, గణితపు పోటీలలో పతకము తెచ్చిన బాలిక, పదునైదు కళాశాలలకు దరఖాస్తులు పంపి, పదునైదింటినుండియు "చింతించుచున్నాము" అను మర్యాదవాక్యమునే బదులుగా పొందుదురు. అటుపిమ్మట చర్చ యారంభమగును. ఇచ్చటి కళాశాలలో చేరుటయా? ఒక సంవత్సరము నిలిచి మరల దరఖాస్తు పెట్టుటయా? స్వంత ధనముతో చదివింపగల తండ్రికి ఈ ప్రశ్న పెద్దది కాదు. కళాశాలయే వ్యయమును భరించిననే గాని విమానము ఎక్కలేని విద్యార్థికి మాత్రము ఇది పదునెనిమిదవ యేట ఒక నిండు సంవత్సరమును పణముగా నొడ్డు వ్యవహారము. కావున కొంచెము వివరముగా వ్రాయుట యవసరమని తలంచితిమి.

అమెరికా చదువనగానే మనవారికి తోచునది ఎం.ఎస్. మాత్రమే. 2023-24 విద్యాసంవత్సరమున ఆ దేశమందు 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరి. ఆ సంవత్సరము మనము చీనాను మించితిమి. అందు బి.ఏ., బి.ఎస్. వంటి మొదటి పట్టమునకు చదువుచుండినవారు 36 వేలకు కొంచెము పైబడినవారు మాత్రమే. పై పట్టములకు చదువుచుండినవారు 1,96,000కు మించిరి. పై చదువునకు పోవువారు పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకులో అప్పు చేసియో పోయి, ఉద్యోగము దొరకగనే తీర్పవచ్చునను ధైర్యముతో నుందురు. ఆ ధైర్యము ఎంతవరకు సమంజసమో వేరొకమారు విచారింపవచ్చును. మొదటి పట్టము సంగతి వేరు. ప్రఖ్యాతి గల ప్రైవేటు కళాశాలలలో ఏటికి 80 వేల డాలర్లు దాటిన వ్యయము నేడు సామాన్యమైపోయినది. నాలుగేండ్లకు లెక్కించినచో అది రెండున్నర కోట్ల రూపాయలకు పైమాట. ఇది మూడెకరముల మాగాణితో తీరు ఋణము కాదు. సహాయము లభించినచో చదువు కలదు, లభింపనిచో లేదు.

మొదట ఆ నిరాకరణమునకు అర్థమేమో తెలిసికొనవలయును. ఆ దేశపు ప్రభుత్వము విద్యార్థులకిచ్చు ధనము స్వపౌరులకును, అచ్చట స్థిరనివాసపు హక్కు మున్నగునవి గలవారికిని మాత్రమే చెందును. విదేశీయునకు ఈయదలచిన ప్రతి డాలరును కళాశాల తన మూలనిధినుండియే తీయవలయును. అందుచేత ప్రవేశమునందు రెండు పద్ధతులేర్పడినవి. విద్యార్థికి ధనసహాయము కావలయునా వలదా యను సంగతిని చూడకయే యోగ్యతను నిర్ణయించుట యొకటి. దీనిని 'నీడ్ బ్లైండ్' పద్ధతి యందురు. అడుగుచున్న సొమ్మును గూడ తూకములో వేసి నిర్ణయించుట రెండవది. ఇది 'నీడ్ అవేర్'. ధనసంపన్నములైన కళాశాలలు పెక్కు స్వదేశీయుల యెడ మొదటి పద్ధతిని పాటించుచు, విదేశీయుల యెడ రెండవదానిని అవలంబించుచున్నవి. విదేశీయులకు గూడ మొదటి పద్ధతినే వర్తింపజేయునవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి. హార్వర్డు, యేల్, ప్రిన్‌స్టన్, ఎం.ఐ.టి., ఆమ్‌హర్స్ట్ కళాశాలలు చాలకాలముగా నున్నవి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ కళాశాలలును, 2024లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమును ఈ పద్ధతిని ప్రకటించినవి. బ్రౌన్ విశ్వవిద్యాలయము 2025లో ప్రవేశించిన తరగతి మొదలుకొని దీనిలో చేరినది. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్, డ్యూక్ వంటి మహాసంస్థలు సైతము విదేశీయుని విషయమున సంచిని చూచియే మాటలాడును.

కావున రెండవ పద్ధతి గల కళాశాలనుండి వచ్చిన నిరాకరణము బాలుని బుద్ధిపై తీర్పు కానేరదు. విదేశీయుల కొరకు ఆ యేట కేటాయించిన సొమ్ము ఇంతయని యుండును. సమానయోగ్యత గల ఇరువురిలో ఒకరు 20 వేల డాలర్లును, మరియొకరు 75 వేల డాలర్లును కోరినపుడు సంఘమువారి మొగ్గు ఎటుండునో ఊహింప కష్టము లేదు. దీనిని అన్యాయమని నిందించుటకు మాకు మనసొప్పదు. ఆ ధనము వారి పూర్వవిద్యార్థులు కూడబెట్టి యిచ్చినది. ఎవరికి ముందు పెట్టవలయునో వారి యిష్టము. అయితే మొదటి పద్ధతి గల కళాశాలలలో మాత్రము తలుపు తెరచియున్నదని భ్రమింపరాదు. 2024 వసంతమున హార్వర్డు 54,008 దరఖాస్తులలో 1,937 మందిని మాత్రమే ఎన్నుకొనెను. సంచిని చూడనివారు తక్కిన సర్వమును చూతురు. "సహాయమిచ్చునవి ఇవియే కదా" యని ఆ తొమ్మిదింటికే దరఖాస్తులు పెట్టి ఊరకున్నవారిని మేమెరుగుదుము. తొమ్మిది లాటరీ చీట్లు కొనిన దానికంటె అది వివేకవంతమైన పని కాదు.

ఇక రెండవ దరఖాస్తునందు మనవారు మార్చునదేమి? సామాన్యముగా వ్యాసము. కామన్ అప్లికేషన్ అను ఉమ్మడి దరఖాస్తులో 650 మాటలకు మించని స్వవిషయ వ్యాసమొకటి వ్రాయవలయును. తప్పంతయు దానిదేయని నమ్మించి, దానిని తిరుగవ్రాయించి యిత్తుమని రూపాయలు పుచ్చుకొను కన్సల్టెన్సీలు వీధివీధినను వెలసినవి. అదే జాబితా, అవే మార్కులు, అదే కోరిక, వ్యాసము మాత్రము క్రొత్తది! పాడినదే పాడు పాచిపండ్ల దాసరికి క్రొత్త అంగవస్త్రము కప్పినట్లే.

మారవలసినది మొదట జాబితా. అందులో ప్రఖ్యాతి తక్కువయైనను విదేశీయులకు నిజముగా సహాయమిచ్చు చిన్న కళాశాలలు ఎక్కువగా నుండవలయును. ఇంటివారు తామెంత పెట్టగలరో, ఏటికి మూడు లక్షలో, ఎనిమిది లక్షలో, నిజముగా లెక్కించి చూచికొని, ఆ లోటును భరింపగల కళాశాలలనే వెదకవలయును. రెండవది, చేతికి వచ్చిన క్రొత్త సాక్ష్యము. మొదటిమారు దరఖాస్తు పంపునాటికి పండ్రెండవ తరగతి పరీక్షలు జరిగియుండవు. ఉపాధ్యాయులు ఊహించి వేసిన మార్కులే పోయియుండును. రెండవమారు బోర్డువారి అసలు మార్కులుండును. అవి ఊహకు మించియున్నచో అంతకంటె బలమైన పత్రము లేదు. తగ్గియున్నచో ఆ సంగతియు ముందుగానే ఆలోచించుకొనవలయును. శాట్ పరీక్షను గూర్చియు ఒక మాట. మహమ్మారి కాలమున పెక్కు కళాశాలలు ఆ నిర్బంధమును తొలగించినవి గాని, 2022లో ఎం.ఐ.టి.యు, 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డులును మరల విధించినవి. యేల్ కూడ ఏదో యొక పరీక్ష ఫలితము ఉండవలయునన్నది. ఆ కాలపు మాటను పట్టుకొని నేటికిని "పరీక్ష యక్కరలేదు" అనువారి సలహా పాతబడిపోయినది. మూడవది ఆ నిలిచిన సంవత్సరమున చేసిన పని. డబ్బిచ్చి కొనిన ధ్రువపత్రములను చదివి చదివి ఆ సంఘములవారికి కన్ను పండియుండును. పంచాయతీ పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెప్పినను, తండ్రి దుకాణములో పద్దులు వ్రాసినను, నిజముగా చేసినది చాలును.

కామన్ అప్లికేషనునందు పాత ఖాతాయే మరుసటి యేటికిని నిలుచును గాని, కళాశాలలవారీగా వ్రాసిన జవాబులును, గురువుల యుత్తరములును నిలువవు. వానిని మరల సమకూర్చుకొనవలయును. మునుపు దరఖాస్తు చేసితివా యని కొన్ని కళాశాలలు నేరుగా అడుగును. దాచవలసిన పని లేదు. వారి యొద్ద పాత కాగితములుండనే యుండును.

దాపరికము మరియొకచోట ప్రవేశించుచున్నది; మాకు ఎక్కువ భయము కలిగించునది అదియే. "సహాయమడుగుటచేతనే చోటు రాలేదు, ఈమారు అక్కరలేదని వ్రాయుము, చేరిన తరువాత అడుగవచ్చును" అని బోధించువారు బయలుదేరినారు. ఇది నిప్పుతో చెలగాటము. దరఖాస్తునాడు సహాయమడుగని విదేశీయుడు తక్కిన నాలుగేండ్లలోను అడుగుటకు వీలులేదని స్టాన్‌ఫర్డ్ స్పష్టముగా నియమము చేసినది. ఇట్టి నియమము గలవి మరికొన్నియు నున్నవి. పైగా వీసాకు ముఖ్యాధారమైన ఐ-20 పత్రమును పొందుటకు మొదటి సంవత్సరపు వ్యయమునకు ధనమున్నట్లు నిరూపింపవలయును. అందుకై వడ్డీకి సొమ్ము తెచ్చి బ్యాంకు ఖాతాలో కొద్దిదినములు నిలిపి చూపించు వ్యాపారము మన నగరములలో రహస్యము కాదు. ఆ బాలుడు అచ్చట దిగి రెండవ విడత రుసుము కట్టలేక నిలిచిననాడు ఈ వ్యాపారి టెలిఫోను తీయడు. పనిచేసి కట్టుదమన్న, విద్యార్థి వీసా మీద పోయినవాడు చదువు జరుగు దినములలో కళాశాల యావరణమున వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. మొదటి సంవత్సరమున వెలుపల కొలువు నిషిద్ధము. జయప్రకాశ నారాయణుడు 1920లలో కాలిఫోర్నియా తోటలలో కూలిచేసి చదివిన దారి నేటి విద్యార్థికి చట్టరీత్యా మూసికొనిపోయినది.

సహాయమడుగుట యాచన యని సిగ్గుపడు తండ్రులును కలరు. వారికి భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు కథను జ్ఞాపకము చేయుదుము. 1920ల ఆరంభమున ఆయన హార్వర్డు వైద్యవిద్యకు పోయినపుడు మామగారి సొమ్మును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి యిచ్చిన సొమ్మును ఆధారములు. అవి చాలక బాస్టన్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు తీయు కొలువు చేసెను. అంబేద్కరు 1913లో కొలంబియాకు పోవుట బరోడా సంస్థానపు విద్యార్థి వేతనముతో. అనగా నాటి సహాయము ఈ వైపునుండి వెళ్ళినది. కాకినాడలో నొక వర్తకుని ధర్మముచేత సాధ్యమైనది, కోటీశ్వరులు వందలుగా నున్న నేటి మన నగరములలో మొదటి పట్టమునకు పోవు బాలునకు ఏల సాధ్యము కాలేదో పెద్దలు ఆలోచింపవలయును. 1892లో స్థాపితమైన జంషెట్జీ టాటా నిధి పట్టభద్రులకు ఋణరూపమున తోడ్పడుచున్నది. పదునెనిమిదేండ్లవారికి అట్టి ఆసరా మన యొద్ద కానరాదు.

కెంటకీ రాష్ట్రమున బెరియా యను చిన్న కళాశాల కలదు. దానిని గూర్చి మన కన్సల్టెన్సీలవారి నోట వినుట అరుదు. బోధన రుసుమే పుచ్చుకొనని కళాశాలనుండి వారికి వాటా రాదు గదా! బానిసత్వమునకు విరోధియైన జాన్ ఫీ అను మతబోధకుడు 1855లో దానిని స్థాపించెను. నల్లవారిని తెల్లవారిని, స్త్రీలను పురుషులను ఒక్కచోట కూర్చుండబెట్టి చదివించెను. 1904లో ఆ రాష్ట్రము నల్లతెల్లవారు కలసి చదువుట నేరమని శాసనము చేయగా, కళాశాల సుప్రీముకోర్టు వరకు పోరాడి 1908లో ఓడిపోయెను. 1950లో గాని ఆ నిషేధము సడలలేదు. అందు ప్రతి విద్యార్థియు వారమునకు కనీసము పది గంటలు కళాశాల పని చేయవలయును: తోటపని, వడ్రంగము, నేత, వంటశాల, కార్యాలయము. 1937లో గాంధీజీ వార్ధాలో ప్రతిపాదించిన చేతిపని విద్యను చదివినవారికి ఇది పరదేశపు సంగతిగా తోచదు. విదేశీయులను కొద్దిమందిని మాత్రమే తీసికొందురు. తీసికొనినవారి మొదటి సంవత్సరపు వ్యయమంతయు కళాశాలయే చూచుకొనును. చోటు దొరకుట సులభమని మేమనుట లేదు. జాబితా యనగా ప్రఖ్యాతిగల పేర్ల పట్టిక యని తలంచువారి కంట ఇట్టివి పడవని మాత్రము చెప్పుచున్నాము.

నిలిచిన యేడు ఊరక పోవునేమోయని భయపడి ఇచ్చటి ఇంజనీరింగు కళాశాలలో చేరి, చదువుచునే దరఖాస్తు పెట్టువారు పెక్కుమంది. ఇందొక చిక్కు కలదు. పట్టవిద్యలో చేరినవానిని చాల కళాశాలలు క్రొత్త విద్యార్థిగా గాక 'ట్రాన్స్‌ఫర్' విద్యార్థిగా నెంచును. ఆ తరగతికి చోట్లు మరింత తక్కువ, విదేశీయునకు సహాయము ఇంకను తక్కువ. చేరుటకు ముందే తాను కోరిన కళాశాలల నియమమేమో వ్రాసి కనుగొనవలయును.

అచ్చటి ప్రభుత్వపు గాలియు చూచుకొనవలసినదే. 2025 మే మాసాంతమున విద్యార్థి వీసాల క్రొత్త ఇంటర్వ్యూల నియామకమును నిలిపివేసి, జూన్ నెలలో మరల ఆరంభించునపుడు దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలు బహిరంగముగా నుండవలయునని విధించిరి. అదే సంవత్సరము జూలైలో చేసిన చట్టము సంపన్న విశ్వవిద్యాలయముల మూలనిధుల ఆదాయముపై పన్నును నూటికి ఎనిమిది వరకు పెంచెను. విదేశీయులకిచ్చు సహాయము పుట్టునది ఆ నిధులనుండియే. ఒక్క దేశమునే నమ్ముకొని సంవత్సరమును ధారపోయుటకు ఇది తగిన కాలమని మేము తలంపము. జాబితా చివరనైనను మన దేశపు కళాశాల నొకటి, మరియొక దేశపుది యొకటి యుండుట మేలు.

రెండవమారు ప్రయత్నింప నిశ్చయించిన యింటివారికి పని వేసవిలోనే యారంభమగును. ఆర్థికసహాయమునకై పెక్కు కళాశాలలు కోరు సి.యస్.యస్. ప్రొఫైల్ అక్టోబరు 1వ తేదీన తెరువబడును; మొదటి కళాశాలకు 25 డాలర్లు, పైని ఒక్కొక్కదానికి 16 డాలర్లు రుసుము. అందు తండ్రి జీతము, ఇంటి వెల, పొలము వెల, అప్పులు సమస్తమును చూపవలయును. పొలము నలుగురన్నదమ్ముల ఉమ్మడిదైనచో ఆ మాట విడిగా వివరించి వ్రాయవలయును. లేనిచో అంతయు తనదేయని లెక్కింతురు. తహశీల్దారు ఇచ్చు ఆదాయపత్రమునకును, ఆదాయపు పన్ను పత్రమునకును, దరఖాస్తులోని అంకెకును పొంతన కుదరవలయును. ఇంగ్లీషు అనువాదములు జూలైలోనే చేయించి యుంచుకొనుట మంచిది. ముందస్తు దరఖాస్తులకు గడువు పెక్కుచోట్ల నవంబరు 1. అందు 'ఎర్లీ డెసిషన్' అనునది చేరి తీరుదునను ఒడంబడిక. ఇచ్చిన సహాయము చాలనపుడు మాత్రము దానినుండి విడుదల కోరవచ్చును. రుసుముల భారము మోయలేనివారు మినహాయింపు కోరుచు కళాశాలకు ఉత్తరము వ్రాయవచ్చును, చాలచోట్ల అంగీకరింతురు. ఆ యుత్తరమును విద్యార్థియే, తనకు వచ్చిన ఇంగ్లీషులోనే, వ్రాయవలయును.