శివారు చేనుకు చేరని నీరు



కొన్నేళ్ళ క్రితము దాళ్వా కోతలైన తరువాత, కోనసీమలో కాలువ చివరనున్న ఒక చిన్న సంఘములో కోత పండుగ ఆరాధనకు వెళ్ళాను. ఏటా ధాన్యపు బస్తాలతో నిండిపోయే మందిరపు వరండా ఆ సంవత్సరము సగానికి పైగా ఖాళీగా ఉంది. ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్దాయన నా ప్రక్కన కూర్చుని ఇలా చెప్పాడు. "కాలువలో నీళ్ళు లేక కాదండి అయ్యగారూ, మా దాకా రాలేదండి. పైనున్నోళ్ళు తూములు పెద్దవి చేయించుకున్నారండి. ఇదేంటని మేమడిగితే, మీరూ ఎకరానికింతని పోగుచేసి తెండి, చూద్దామన్నారండి."

ఆయన ఆ రోజు తెచ్చిన కానుక కుంచెడు ధాన్యము. ఆ కుంచము చాలాకాలము నా కళ్ళ ముందే ఉండిపోయింది. లంచమంటే ఒకరి జేబులోనుండి మరొకరి జేబులోనికి వెళ్ళే డబ్బు మాత్రమే అనుకుంటాము. కాని దాని నష్టము ఇచ్చినవాడితో ఆగదు. కాలువ వెంట క్రిందికి ప్రవహించి, చివరికి శివారు చేను మీద పడుతుంది.

ఈ నేల ఒకప్పుడు

గోదావరి డెల్టా అనగానే పచ్చని చేలు, కొబ్బరి తోటలు గుర్తుకు వస్తాయి. ఈ నేల ఎప్పుడూ ఇలాగే లేదు. 1821లో నాటి రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308. 1841 నాటికి అది 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో పెరగవలసిన జనము, ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు చొప్పున తగ్గిపోయారు. జిల్లా ఎందుకింతగా చితికిపోయిందో తెలుసుకొనుటకు సర్ హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని ప్రభుత్వము పంపింది. 1844లో ఆయన ఇచ్చిన నివేదికలో కరవులతో పాటు పాలనలోని అవకతవకలు కూడా బయటపడ్డాయి.

గుంటూరు జిల్లా సంగతి ఇంకా విచారకరము. 1845లో అక్కడికి విచారణకు వచ్చిన వాల్టర్ ఇలియట్, కచేరీ ఉద్యోగులూ గ్రామాధికారులూ చేతులు కలిపి శిస్తు సొమ్మును ఎలా దిగమింగారో వెలికితీశాడు. ఫ్రైకెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1965లో ఆ జిల్లా మీద ఒక గ్రంథమే వెలువరించాడు. వానలు లేక పంట పోయిన ఏట కరవు వస్తుంది. నమ్మకమైన పాలన లేనప్పుడు పంట పండిన ఏట కూడా కరవే.

1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము దగ్గర ఆనకట్ట పని ప్రారంభించాడు. 1852 నాటికి ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము మధ్య నాలుగు భాగాలుగా ఆనకట్ట నిలిచింది. నేడు దాని స్థానములో బ్యారేజి ఉన్నది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు 10 లక్షల ఎకరాలకు ఆ నీరే ఆధారము. మన తాతలు ఆయనను కాటన్ దొర అని చేతులెత్తి తలచుకున్నారు. అయితే ఆనకట్ట ఒకసారి కడితే నిలుస్తుంది. కాలువకు అలా కాదు, దానిని ఏటేటా బాగుచేయాలి. అక్కడే నమ్మకత్వము కావాలి.

నీటి అడుగున దాగిన లెక్క

వేసవిలో కాలువలు కట్టేసే రోజులు మీకు తెలుసు. పూడిక తీయుట, గుర్రపు డెక్క తొలగించుట, గట్లు బలపరచుట అన్నీ ఆ కొద్ది వారాలలోనే జరగాలి. నీరు వదిలాక ఎంత పూడిక తీశారో కొలిచేదెవరు? రెండు అడుగులు తీసి నాలుగు అడుగులని ఎం. బుక్కులో వ్రాసినా, జూన్‌లో వచ్చే నీరు ఆ అబద్ధాన్ని కప్పేస్తుంది. అందుకే దొంగ లెక్కకు కాలువ పని అనువైన చోటు.

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు దక్షిణ భారతదేశములోని కాలువల శాఖలను దగ్గరగా పరిశీలించి 1982లో ఒక వ్యాసము ప్రచురించాడు. అప్పట్లో ప్రతి కాంట్రాక్టు విలువలో కనీసము ఎనిమిదిన్నర శాతము వాటాలుగా తిరిగి ఉద్యోగులకు చేరేదని ఆయన వ్రాశాడు. అంటే 10 లక్షల పనిలో 85 వేలు పని మొదలు కాకముందే పోయినట్టే. కాంట్రాక్టరు తన లాభము తగ్గించుకోడు గనుక ఆ సొమ్మును పనిలోనుండే మిగుల్చుకుంటాడు. ఇది ఆనాటి లెక్క. నేటికీ అంతేనని నేననను.

ఆయన చెప్పిన మరొక మాట ఇంకా లోతైనది. మంచి ఆదాయమున్న చోటికి బదిలీ కావాలంటే ఉద్యోగి పైవారికి సొమ్ము కట్టుకోవాలి. కట్టినవాడు దానిని రాబట్టుకోవాలి. గనుక యథార్థముగా ఉండాలనుకున్న ఉద్యోగికి కూడా అక్కడ నిలబడుట కష్టమవుతుంది. ఒక్కడి దురాశ అయితే వాడిని మారిస్తే సరిపోతుంది. ఇది గొలుసు. పైనుండి క్రింది వరకు కడియాలన్నీ ఒకదానినొకటి లాగుతూ ఉంటాయి.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిన సంగతి మనము మరువలేదు. గిట్టుబాటు ధర లేదని, కూలి ఖర్చులు పెరిగాయని చెప్పారు. డ్రెయిన్లు పూడిపోయి ముంపు తీరడము లేదని కూడా చెప్పారు. అంతటికీ లంచమే కారణమనుట న్యాయము కాదు. కాని దేశానికి అన్నము పెట్టే నేల మీద రైతే నాగలి ప్రక్కన పెట్టాడంటే, కాలువలకూ డ్రెయిన్లకూ ఇచ్చిన ప్రతి రూపాయి ఎక్కడికి చేరిందని అడుగుట మన బాధ్యత.

"పని త్వరగా అవుతుంది కదా!"

కొందరు విశ్వాసులు కూడా నాతో ఇలా అంటారు. "అయ్యగారూ, బండి చక్రానికి కాస్త కందెన వేస్తే తప్పేముందండి? పని త్వరగా అవుతుంది." ఒకప్పుడు కొందరు పండితులు కూడా ఇలాగే వాదించారు. గున్నార్ మిర్డాల్ అనే ఆర్థికవేత్త 1968లో ప్రచురించిన పెద్ద గ్రంథములో దీనికి జవాబిచ్చాడు. లంచము దొరుకుతుందని తెలిసిన చోట ఉద్యోగి కావాలనే ఆలస్యము చేస్తాడు. అంటే కందెన అమ్ముకొనుటకే చక్రానికి తుప్పు పట్టిస్తున్నారన్నమాట. 1995లో పావ్లో మౌరో అనే మరొక ఆర్థికవేత్త అనేక దేశాల లెక్కలు పోల్చి చూశాడు. అవినీతి ఎక్కువగా ఉన్న దేశాలలో పెట్టుబడి తక్కువగా ఉన్నదని తేల్చాడు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా నాన్నగారు చనిపోయాక పొలము కాగితాలు మార్పించుకొనుటకు ఒక కార్యాలయము చుట్టూ నెలల తరబడి తిరిగాను. ఒక రోజు విసిగిపోయి, అడిగిన సొమ్ము కవరులో పెట్టి ఇచ్చాను. సాయంత్రానికి పని అయిపోయింది. బయటికి వస్తుంటే, ఉదయము నాకంటే ముందు వచ్చిన ఒక విధవరాలు మెట్ల మీద ఇంకా కూర్చునే ఉంది. భర్త మరణ ధృవపత్రము కోసము వచ్చిందట. "రేపు రమ్మన్నారండి" అన్నది. నేను కొన్నది కాగితము కాదు, ఆమె వరుసను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన ఇంటిలో మొదలు

పెండ్లి సంబంధాలు చూచేటప్పుడు మన కుటుంబాలలో ఏమడుగుతున్నాము? "జీతము ఎంత?" అన్న వెంటనే "పై సంపాదన ఉందా?" అని అడుగుతున్నాము. ఉందంటే ముఖాలు వికసిస్తాయి, కట్నము పెరుగుతుంది. ఆ పై సంపాదన ఎవరి చేలోనిది? ఎవరి పింఛనులోనిది? ఆదివారము ఆరాధనలో కూర్చుని, సోమవారము దానిని ఆశీర్వాదమని పిలుస్తున్నామా? జక్కయ్య ప్రభువును తన ఇంట చేర్చుకున్న రోజున పాట పాడి ఊరుకోలేదు. అన్యాయముగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని లేచి నిలబడ్డాడు.

చేతనైనంత చేయుటకు మార్గాలున్నాయి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము ప్రకారము మన ఊరి కాలువ పనికి ఎంత మంజూరైంది, ఎంత కొలత వ్రాశారని తెల్లకాగితము మీద వ్రాసి అడగవచ్చు. సాధారణముగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. 1997 నాటి చట్టముతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటి సమావేశాలకు వెళ్ళండి. పూడిక తీసేటప్పుడు నలుగురు యౌవనస్థులు టేపు పట్టుకుని గట్టు మీద నిలబడితే చాలు, నీరు వచ్చేలోగానే లెక్క తేలుతుంది. ఉపాధి హామీ పనులపై 2006 నుండి మన రాష్ట్రములో సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరందరి ముందు పేర్లు, రోజులు, కూలి చదివినప్పుడు చాలా చోట్ల దొంగ పేర్లు బయటపడ్డాయి. వెలుగులో చదివే లెక్కకు భయపడని దొంగ లేడు.

2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టము ప్రకారము లంచమిచ్చుట కూడా నేరమే. బలవంతము చేత ఇవ్వవలసి వచ్చినవారు 7 రోజులలోగా ఫిర్యాదు చేయాలి. గనుక "అందరూ ఇస్తున్నారు" అన్న మాట చట్టము ముందూ చెల్లదు, మనస్సాక్షి ముందూ చెల్లదు.

ఒకటి గుర్తుంచుకుందాము. సంఘము కూడా ఒక కాలువ లాంటిదే. కానుకల పుస్తకము, మందిర స్థలము లెక్కలు, కట్టడపు ఖర్చులు ఏటా సంఘము ముందు చదవండి. కాపరి లెక్క కూడా చదవండి. మన గట్టు మనము బాగుచేసుకోకుండా ఎగువవారిని నిందించలేము.

మళ్ళీ కోత పండుగ వస్తుంది. కాలువ చివరనున్న ఆ పెద్దాయన కుంచము పట్టుకుని వచ్చినా, బస్తా మోసుకుని వచ్చినా, ఆయన చేనుకు రావలసిన నీరు మధ్యలో ఆగినచోట మన చేయి లేదని చెప్పగలిగితే, అదే మన కృతజ్ఞతార్పణ.