కెమెరా కటకము: వెలుతురు, వెల



నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము కెమెరా ముందుభాగమున నుండు గాజుకన్నును గూర్చినది. దానిని వాడుకలో లెన్సు అందురు. మన పాఠ్యపుస్తకములలో కటకమని వ్రాయుదురు. ఛాయాచిత్రములు తీయుట నా వృత్తి కాదు. ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు తెలుగును, సంస్కృతమును బోధించినవాడను. సామాన్యశాస్త్రపు మాస్టరుగారు సెలవుపెట్టిన దినములలో మాత్రము భూతద్దము చేతబట్టి, ఎండలో కాగితము కాల్చి, పిల్లలకు కటకధర్మము చూపుచుండెడివాడను. అట్టి నాకు ఈ విషయముతో పని యెట్లు గలిగెనో మొదట విన్నవించెదను.

మా తమ్ముని కుమారుడు మండల కేంద్రమున చిన్న స్టూడియో పెట్టుకొని పెండ్లిండ్లకును, గృహప్రవేశములకును ఛాయాచిత్రములు తీయుచుండును. నాలుగేండ్ల క్రిందట ఒక సాయంకాలమున మా యింటికి వచ్చి, "పెదనాన్నగారూ, ఎఫ్ 1.2 కటకము ఒకటి కొనవలెనని యున్నది. అది చేతిలో నున్నచో పెద్ద పెండ్లిండ్లు నాకే వచ్చును. మీరొక మాట చెప్పిన అమ్మ ఒప్పుకొనును" అనెను. ఆమె ఒప్పుకొనవలసినది తన చేతి బంగారు గాజులను కుదువబెట్టుటకు! కటకపు వెల లక్షన్నర రూపాయలకు పైమాట. వానియొద్ద అప్పటికే ఎఫ్ 1.8 కటకము కలదు. "నాయనా, 1.8 కును 1.2 కును ఏమి భేదము? ఆ భేదమునకు మీ అమ్మ గాజులు పోవలెనా?" అని యడిగితిని. "నేపథ్యము వెన్నవలె కరగిపోవును, పెదనాన్నగారూ" అని మాత్రము చెప్పగలిగెను. పూర్తిగా తెలిసికొనక సలహా చెప్పుట ఉపాధ్యాయునకు తగదు గనుక నేను కొంతకాలము ఆ శాస్త్రమును చదివితిని. తెలిసికొన్నదానిని మీకు వరుసగా చెప్పెదను.

చెరువు తూము మీరెరిగినదే. గుండ్రని తూము మూతి వ్యాసమును రెండింతలు చేసినచో నీటికి దారి రెండింతలు కాదు, నాలుగింతలగును. కటకమును వెలుతురునకు తూము వంటిది. దూరపు వస్తువుల బింబమును కటకము తనకెంత వెనుకగా నిలుపునో ఆ దూరమునకు నాభ్యంతరమని పేరు. నాభ్యంతరమును మూతి వ్యాసముచే భాగింపగా వచ్చు లబ్ధమే ఈ ఎఫ్ సంఖ్య. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల కటకమునకు మూతి 25 మిల్లీమీటర్లయినచో అది ఎఫ్ 2; మూతి 50 మిల్లీమీటర్లయినచో ఎఫ్ 1. సంఖ్య తగ్గినకొలది మూతి పెద్దదగును. ఎఫ్ 2 కంటె ఎఫ్ 1 నాలుగు రెట్లు వెలుతురును లోనికి రానిచ్చును. వెలుతురు మిక్కుటమైన కొలది చిత్రము తీయుటకు పట్టు కాలము తగ్గును. అందుచేతనే పెద్దమూతి కటకములకు వేగముగల కటకములని పేరు వచ్చినది.

ఈ వేగము ఒకప్పుడు విలాసము కాదు, అత్యావశ్యకము. 1839లో ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన తొలిదినములలో, ఒక మనిషి చిత్రము తీయవలెనన్న ఆతడు ఎండలో నిమిషములకొలది కదలక కూర్చుండవలసియుండెను. 1840లో వియన్నాలో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్‌వాల్ లెక్కలు కట్టి, రమారమి ఎఫ్ 3.6 మూతిగల కటకమును కల్పించెను. అది నాటి సాధారణ కటకములకంటె పది రెట్లకు మించి వెలుతురు నిచ్చెను. మనుష్యుల ముఖచిత్రములు తీయుట వృత్తిగా నిలుచుటకు ఆ కటకము గొప్ప యాధారమైనది.

1924లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున ఎర్నెమాన్ సంస్థవారు ఎర్మనాక్స్ అను చిన్న కెమెరాను విడుదల చేసిరి. లుడ్విగ్ బెర్టెలె రచించిన దాని కటకము మొదట ఎఫ్ 2, పిమ్మట ఎఫ్ 1.8. న్యాయశాస్త్రము చదివిన ఎరిక్ సాలమన్ అను ఆయన ఆ కెమెరాతో, మెరుపుదీపము వెలిగింపకయే, న్యాయస్థానములలోను, రాజ్యప్రతినిధుల రాత్రి సమావేశములలోను చిత్రములు తీసెను. ఏలికలు ఆవులించుచు, కునికిపాట్లు పడుచు నుండగా లోకము చూచుట అదియే క్రొత్త. యూదుడైన ఆ మహానుభావుని నాజీలు 1944లో ఆష్విట్జ్ శిబిరమున బలిగొనిరి. చీకటిలో సత్యమును చూపుటకు వేగముగల కటకము ఎంత యుపకరించునో చెప్పుటకు ఆయన చిత్రములకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇక వెల సంగతి. మూతి పెద్దది చేయుటకు ఇంత ధనమేల? భూతద్దముతో కాగితము కాల్చునపుడు చూడుడు: వెలుగుచుక్క ఎంత సరిచేసినను సూదిమొనవలె కాక, చుట్టును పలుచని మసక గలిగి యుండును. గాజు నడుమనుండి వచ్చు కిరణములు ఒకచోట కూడును. అంచులనుండి వచ్చునవి మరికొంత ముందుగా కూడును. ఎఱుపు ఒకచోట, నీలము ఒకచోట నిలుచును. మూతి పెద్దదైనకొలది ఈ అంచుల యల్లరి బహుత్వరగా పెరుగును. దానిని అణచుటకు ఒక గాజునకు మారుగా అనేకములైన గాజులను, ఒకదాని దోషమును మరియొకటి తీర్చునట్లు కూర్పవలెను. వానిలో కొన్ని అరుదగు ఖనిజములు కలిపి పోసిన ప్రత్యేకపు గాజులు. కొన్నిటి వంపు సరిగోళము కాక అంచుకడ వేరుగా తీర్చినది. అచ్చముగా ఒకే పోలికగల గాజు రెండింతలు వెడల్పైనచో దాని ఘనపరిమాణము ఎనిమిదింతలగును. కొనువారు కొలదిమంది కావున తయారుచేయు సంఖ్యయు స్వల్పము. వెల పెరుగుటకు ఇవి కారణములు.

దృష్టాంతములు చెప్పెదను. 1961లో జపానులోని కానన్ సంస్థవారు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 0.95 కటకమును వెలువరించిరి. 1966లో జర్మనీలోని లైకా కెమెరాలు చేయు సంస్థవారు నాక్టిలక్స్ అను ఎఫ్ 1.2 కటకమును తెచ్చిరి. అందలి రెండు గాజుముఖములను, పనివాని చేతినేర్పుపై నాధారపడు యంత్రముమీద సానబట్టవలసివచ్చెను. కావుననే సుమారు పది సంవత్సరములలో రెండువేలకు లోపుగానే తయారైనవి. అదే పేరుతో 2008లో వచ్చిన ఎఫ్ 0.95 కటకము వెల పదివేల డాలర్ల మేర నుండెను. 2019లో నికాన్ సంస్థవారు ప్రకటించిన 58 మిల్లీమీటర్ల ఎఫ్ 0.95 కటకమున 17 గాజులు. బరువు రెండు కిలోలు. నాటి వెల 7,999 డాలర్లు.

మా పిల్లవాని ప్రశ్నకు సమీపమైన లెక్క మరియొకటి కలదు. కానన్ వారి ఒకే తరహా కెమెరాకు ఎఫ్ 1.2 కటకమును గలదు, ఎఫ్ 1.8 కటకమును గలదు. మొదటిది 2018లో 2,299 డాలర్లకు వచ్చెను, బరువు 950 గ్రాములు. రెండవది 2020లో 199 డాలర్లకు వచ్చెను, బరువు 160 గ్రాములు. వెలలో పదకొండు రెట్లకు మించిన భేదము. బరువులో ఇంచుమించు ఆరు రెట్లు. మరి వెలుతురు? కేవలము రెండుంబాతిక రెట్లు. మొదటి మెట్లు చౌకగా ఎక్కవచ్చును. కడపటి మెట్టునకే ఆస్తి ఖర్చగును.

ధనము గాక మరియొక మూల్యము కలదు. మూతి పెద్దదైనకొలది స్పష్టముగా కనబడు లోతు సన్నగిల్లును. 50 మిల్లీమీటర్ల కటకముతో ఒక మీటరు దూరమున నున్న ముఖమును ఎఫ్ 0.95 వద్ద తీసినచో స్పష్టమైన పొర మందము రెండు సెంటీమీటర్లు, అనగా బొటనవ్రేలి వెడల్పు. అదే కటకపు మూతిని ఎఫ్ 8 దాక ముడిచినచో ఆ పొర పదునెనిమిది సెంటీమీటర్లగును. కంటిరెప్ప స్పష్టముగా నుండి చెవి మసకయగుట ఇందుచేతనే. నేపథ్యము వెన్నవలె కరగుటయు దీనివలననే. వరమును శాపమును ఒక్కచోటనే యున్నవి.

స్టాన్లీ కుబ్రిక్ అను చలనచిత్ర దర్శకుని కథ ఇందుకు తార్కాణము. చంద్రుని ఆవలి ముఖమును చిత్రించు పనికై జర్మనీలోని జైస్ సంస్థవారు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 0.7 కటకములను పదింటిని మాత్రమే చేసిరి. అందు ఆరింటిని అమెరికా అంతరిక్ష సంస్థ తీసికొనగా, మూడింటిని కుబ్రిక్ సంపాదించెను. 1975లో వెలువడిన 'బారీ లిండన్' అను చిత్రమునకై, పూర్వకాలపు సౌధములలోని దృశ్యములను కొవ్వొత్తుల వెలుతురునందే వానితో తీయించెను. కెమెరానే కోసి, చెక్కి, ఆ కటకమునకు తగినట్లు మార్పవలసివచ్చెను. నటులు కొంచెము ముందునకు వంగినను మసకబారుదురు గనుక, వారి దూరము కనిపెట్టుటకు ప్రక్కగా వేరొక కెమెరా నుంచిరి. ఆ దృశ్యములు అద్భుతములు. కాని అందరును కూర్చున్నచోటనే కూర్చుండి మెల్లగా మాటలాడుట గమనింపుడు!

ఇచట కాలము తెచ్చిన మార్పును చెప్పవలెను. పూర్వము వేగముగల ఫిల్మని పేరొందినది 400 సంఖ్య గలది. నేటి కెమెరాలలో ఫిల్ముకు మారుగా నుండు సెన్సరు 6,400 సంఖ్యకడ సైతము మెచ్చదగిన చిత్రము నిచ్చును. అది పదునారు రెట్లు. ఎఫ్ 4 కటకమునకును ఎఫ్ 1 కటకమునకును గల భేదమును పదునారు రెట్లే. బరువైన గాజు ఒకప్పుడు చేసిన పనిలో అధికభాగము ఇప్పుడు సెన్సరు చేయుచున్నది. కావున నేడు అతివేగపు కటకమును కొనువాడు చీకటికొరకంటె ఆ వెన్నవంటి మసకకొరకే, కొండొకచో పేరుకొరకే, కొనుచున్నాడు.

ఇవన్నియు మావానికి చెప్పితిని. వాడు మౌనముగా విని, "కంటితో చూడనిదే నమ్మలేను" అనెను. ఆ మాట న్యాయమే. ప్రత్యక్షము ప్రమాణములలో మొదటిది. పట్టణమున ఇట్టివి దినమునకింతయని అద్దెకిచ్చు దుకాణము కలదు. రెండు దినములకు తెచ్చుకొనెను. మొదటినాటి రాత్రి ఒక పెండ్లి. వధూవరులు ఒకరి శిరస్సున ఒకరు జీలకఱ్ఱ బెల్లము పెట్టు ముహూర్తము. వాడు మూతి పూర్తిగా తెరచి తీసిన చిత్రములలో వరుని చేయి స్పష్టముగా నున్నచోట వధువు కన్నులు మసక. కన్నులు స్పష్టమైనచోట చేయి మసక. మంగళసూత్రధారణమున సగము చిత్రములు పనికిరాలేదు. ఆ క్షణము మరల రాదు గదా! తలంబ్రాలనాటికి వాడు మూతిని ఎఫ్ 4 కు ముడిచి పని సాగించెను. అట్లు ముడిచినపుడు తన పాత కటకమునకును దానికిని భేదము తానే కనిపెట్టలేకపోతినని ఒప్పుకొనెను.

రెండవనాటి సంధ్యవేళ మా అమ్మ తులసికోట ముందు దీపము పెట్టుచుండెను. ఆమెకు అప్పటికి ఎనుబదియెనిమిదేండ్లు. ఆ దీపపు వెలుతురులోనే మావాడొక చిత్రము తీసెను. రెండు కన్నులలో రెండు దీపశిఖలు. కనుకొలకుల ముడుత లొక్కొక్కటియు లెక్కింపవచ్చును. వెనుకనున్న గోడయు, నీళ్లతొట్టియు బంగారుపొగలో కలిసిపోయినవి. నేను లెక్కలతో వాదించినదంతయు ఆ క్షణమున మరచితినని చెప్పుటకు సిగ్గుపడను. ఈ కటకములకు ఆకర్షణ ఊరక కలుగలేదు.

గాజులు కుదువకు పోలేదు. మావాడు పాత కటకముతోనే పెండ్లిండ్లు చేయుచు, ప్రత్యేకముగా కోరినవారికి మాత్రము పెద్దకటకమును అద్దెకు తెచ్చి, ఆ ఖర్చును వారి లెక్కలో వేయుచున్నాడు. మీ యిండ్లలోని పిల్లలు ఇట్టి కోరికతో వచ్చినచో తొందరపడి కాదనకుడు, అప్పుచేసి అవుననకుడు. ముందుగా రెండు దినములు అద్దెకు తెచ్చి తీయుమనుడు. తీసిన చిత్రములలో ఎన్ని ఆ పెద్దమూతి లేనిదే రాకుండునో లెక్కింపుమనుడు.

మా అమ్మ గతించి రెండేండ్లయినది. ఆ చిత్రము మా నట్టింటి గోడమీద నున్నది. కన్నులు నన్నే చూచుచున్నట్లుండును. ఒత్తి వెలిగించుచున్న ఆ చేతులను మాత్రము చూడవలెనని అప్పుడప్పుడు అనిపించును. అవి మసకలో ఉండిపోయినవి.