పొలంలో సెన్సార్, పక్కనే మోటారు: సరళమైన ఆర్‌సి ఫిల్టర్ల రూపకల్పన

సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ బజారు మోటార్లకు, పంపులకు, యంత్ర సామగ్రికి పేరు పొందినది. నగరానికి ఈశాన్యంగా, కుషాయిగూడ ప్రాంతంలో, 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యాన నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) దేశీయ ఎలక్ట్రానిక్ పరిశ్రమకు పునాది వేసిన సంస్థలలో ఒకటి. నగరంలో వేర్వేరు చోట్ల ఉన్న ఈ రెండు విద్యలు నేడు పొలంలో ఒకే బోరుబావి వద్ద కలుస్తున్నాయి. నేల తేమను కొలిచే సెన్సార్‌కూ, ఆ కొలతను బట్టి నడిచే మోటారుకూ మధ్య దూరం కొన్ని మీటర్లే. ఆ సామీప్యమే కొలతకు ముప్పు తెస్తున్నది.

మోటారు నడిచేటప్పుడు దాని తీగల చుట్టూ 50 హెర్ట్జ్‌ల విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఏర్పడతాయి. సెన్సార్ నుంచి వచ్చే పొడవాటి తీగ వాటిని గ్రహించి, తేమ సంకేతంతో పాటు కొలత పెట్టెకు చేరవేస్తుంది. ఉదాహరణకు, ఒక సెన్సార్ 0 నుంచి 50 శాతం తేమకు 0 నుంచి 3 వోల్టులు ఇస్తుందనుకుందాం. అప్పుడు ఒక శాతం తేమకు 60 మిల్లీవోల్టులు. తీగలో 120 మిల్లీవోల్టుల పరిమితి గల అలజడి చేరితే కొలత రెండు శాతం పైకీ, రెండు శాతం కిందికీ ఊగుతుంది. నీటి యాజమాన్య ప్రయోగాలలో రెండు ట్రీట్‌మెంట్ల మధ్య తేడాయే అంత ఉండవచ్చు. స్వయంచాలక నీటిపారుదలలోనైతే నష్టం మరొక రూపంలో వస్తుంది. నేల పొడిగా ఉందని మోటారు మొదలవుతుంది. మోటారు అలజడి వల్ల నేల తడిసినట్లు కనబడి ఆగుతుంది. ఆగగానే మళ్లీ పొడి కనబడుతుంది. ఈ ఆటలో స్టార్టర్ కాంటాక్టులు కాలిపోతాయి.

ఫిల్టర్ పనిచేసే తీరు

దీనికి తొలి విరుగుడు ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. సంకేతపు తీగలో వరుసగా రెసిస్టర్‌ను, దాని తరువాత తీగకూ భూమికీ మధ్య కెపాసిటర్‌ను అమర్చాలి. సన్నని గొట్టం గుండా తొట్టిలోకి నీరు చేరినట్లే రెసిస్టర్ గుండా కెపాసిటర్‌లోకి ఆవేశం చేరుతుంది. గొట్టంలో నీరు క్షణక్షణం ఎగసిపడినా తొట్టి మట్టం నెమ్మదిగానే మారుతుంది.

రెసిస్టర్ విలువను ఓమ్‌లలో, కెపాసిటర్ విలువను ఫారడ్‌లలో తీసుకొని గుణిస్తే సెకన్లలో కాలస్థిరాంకం వస్తుంది. 0.159ని దానితో భాగిస్తే కటాఫ్ ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లలో లభిస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీ వద్ద సంకేతం 70.7 శాతానికి తగ్గుతుంది. దానికి బాగా పైన, ఫ్రీక్వెన్సీ రెట్టింపయిన కొద్దీ మిగిలే భాగం సగమవుతూ పోతుంది.

విలువల ఎంపిక

ఎంపిక సర్క్యూట్‌తో కాక, కొలవదలచిన అంశపు వేగంతో మొదలు కావాలి. నేల తేమ గంటలలో, రోజులలో మారుతుంది. అలజడి సెకనుకు 50 సార్లు మారుతుంది. ఇంత ఎడం ఉన్నందున పని సులువు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసుకుంటే కాలస్థిరాంకం 0.1 సెకను, కటాఫ్ సుమారు 1.6 హెర్ట్జ్. 50 హెర్ట్జ్ అలజడిలో 3.2 శాతమే మిగులుతుంది. పై ఉదాహరణలోని 120 మిల్లీవోల్టులు 4 కంటే తక్కువకు దిగుతాయి. 5 వోల్టుల వద్ద పనిచేసే 10 బిట్ల ఆర్డుయినో ఊనో గుర్తించగల కనీస మెట్టు 4.9 మిల్లీవోల్టులు కాబట్టి ఇది చాలు.

కెపాసిటర్‌ను 100 మైక్రోఫారడ్లకు పెంచితే అలజడి ఇంకా పదో వంతుకు తగ్గుతుంది, కాని కాలస్థిరాంకం ఒక సెకను అవుతుంది. తుది విలువలో 99.3 శాతానికి చేరడానికి ఐదు కాలస్థిరాంకాలు పడుతుంది. బ్యాటరీ పొదుపు కోసం కొలిచే ముందు మాత్రమే సెన్సార్‌కు విద్యుత్తు ఇచ్చే పద్ధతిలో మొదటి ఎంపికకు అర సెకను, రెండవదానికి ఐదు సెకన్లు ఆగాలి. ఆగకుండా చదివితే తడి నేల కూడా పొడిగానే నమోదవుతుంది.

సరాసరితో సరిపెట్టుకోవచ్చా?

ఎక్కువ కొలతలు తీసి కంప్యూటర్‌లో సరాసరి వేస్తే చాలదా అని విద్యార్థులు అడుగుతుంటారు. 20 మిల్లీసెకన్ల పూర్తి చక్రమంతటా సమాన ఎడంలో అనేక కొలతలు తీస్తే సరాసరి పనిచేస్తుంది. సెకనుకు ఒక్కటే తీస్తే అదే కొత్త పొరపాటుకు దారి తీయవచ్చు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 వద్ద నిలవదు. అది 49.9 హెర్ట్జ్‌గా ఉన్నప్పుడు సెకనుకు ఒకసారి తీసిన కొలతలలో అలజడి పది సెకన్లకు ఒక చక్రంగా, నెమ్మదైన అలగా కనిపిస్తుంది. సరిగ్గా 50 ఉన్నప్పుడు కదలికే లేని స్థిరమైన దోషంగా నిలుస్తుంది. దానిని నేల లక్షణం నుంచి వేరుచేయడం కష్టం. అందుచేత వడపోత అంకెలుగా మారకముందే జరగాలి.

వర్షమాపకంలో మరొక ఉపయోగం

టిప్పింగ్ బకెట్ వర్షమాపకంలో బకెట్ ఒరిగిన ప్రతిసారీ రీడ్ స్విచ్ ఒకసారి మూసుకుంటుంది. లోహపు రేకులు తాకేటప్పుడు అదిరితే ఒక ఒరుగు రెండుగా లెక్కకు రావచ్చు. ఒరుగుకు 0.2 మి.మీ. అయితే 10 మి.మీ. వానకు 50 ఒరుగులు. ప్రతి అదనపు లెక్కా లేని వానను చేరుస్తుంది. 10 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్‌తో 10 మిల్లీసెకన్ల కాలస్థిరాంకం ఈ అదురును మింగుతుంది. గంటకు 100 మి.మీ. కుండపోతలోనూ రెండు ఒరుగుల మధ్య 7.2 సెకన్లు ఉంటాయి కనుక అసలు లెక్క తప్పదు. స్విచ్ కాంటాక్టులు దెబ్బతినకుండా దానితో వరుసలో 100 ఓమ్‌ల చిన్న రెసిస్టర్ ఉంచాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

• ఫిల్టర్‌ను సెన్సార్ చివర కాక కొలత పెట్టెలో, ఇన్‌పుట్ పక్కనే అమర్చాలి. తీగ పొడవునా చేరిన అలజడి అక్కడే చిక్కుతుంది.

• ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు ధన, రుణ ధ్రువాలు తప్పకూడదు. ఎండలో పెట్టె వేడెక్కితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు సగమవుతుంది. పెట్టెకు నీడ కల్పించాలి.

• రెసిస్టర్ విలువను అతిగా పెంచరాదు. కెపాసిటర్‌లోని స్వల్ప లీకేజీ కూడా అప్పుడు కొలతను కిందికి లాగుతుంది.

• ఎస్‌డిఐ-12 వంటి డిజిటల్ సెన్సార్ల డేటా తీగపై ఈ ఫిల్టర్‌ను పెట్టకూడదు. అందులో ఒక్కొక్క బిట్ 0.83 మిల్లీసెకను మాత్రమే, 0.1 సెకను కాలస్థిరాంకం సమాచారాన్నే చెరిపివేస్తుంది.

ఫిల్టర్ అలజడిని తగ్గిస్తుందే గాని, తప్పుడు కాలిబ్రేషన్‌ను గాని, మట్టికీ సెన్సార్‌కూ మధ్య గాలి ఖాళీని గాని సరిచేయదు. మోటారు ఆపి ఒకసారి, నడిపి ఒకసారి పది నిమిషాల కొలతలు తీసి పోల్చడం మేలైన పరీక్ష. రెండూ ఒక్కటిగా ఉంటేనే ఆ సెన్సార్ మాటపై రైతుకు సలహా ఇవ్వాలి. ప్రయోగ నివేదికలలో సెన్సార్ పేరుతో పాటు రెసిస్టర్, కెపాసిటర్ విలువలనూ, కొలతల మధ్య వ్యవధినీ నమోదు చేస్తే, ఆ ఫలితాలను మరొక చోట సరిచూడదలచిన వారికి దారి తెరిచి ఉంటుంది.