ఒక్క గొంతుకు రెండు దారులెందుకు?

దూరపు ఎఫ్.ఎం. స్టేషనులో ఎవరైనా మాట్లాడుతుంటే ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? మాట వెనకాల ‘స్‌స్...’ మని సన్నని రొద వినిపిస్తుంది. మీ రేడియోకు ‘స్టీరియో-మోనో’ స్విచ్చి ఉంటే మోనో వైపు జరిపి చూడండి. రొద చాలావరకు అణగిపోతుంది. మాట మాత్రం ఏమాత్రం తగ్గదు! ఇదెలా సాధ్యం?

కచేరీని రెండు మైకులతో గ్రహించి, ఒకదాని ధ్వనిని ఎడమ చెవికి, రెండోదాని ధ్వనిని కుడి చెవికి అందిస్తే వీణ ఈ పక్క, మృదంగం ఆ పక్క ఉన్నట్లు తోస్తుంది. అదే స్టీరియో. 1961లో అమెరికాలో ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారాలు మొదలుపెట్టేటప్పుడు ఇంజనీర్లకు ఒక చిక్కు వచ్చింది. అప్పటికే జనం కొనుక్కున్న పాత సెట్లు మూలపడకూడదు. వాటికి ఎడమ ధ్వని ఒక్కటే పంపితే సగం కచేరీ పోయినట్లే కదా! అప్పుడు వాళ్ళకు అక్కరకొచ్చింది మీరు బడిలో నేర్చుకునే బీజగణితమే.

ఎడమ ధ్వనిని ‘ఎ’ అని, కుడి ధ్వనిని ‘కు’ అని అనుకుందాం. ఎ + కు మొత్తాన్ని 15 కిలోహెర్ట్జ్‌ల లోపు, మామూలు చోటనే పంపుతారు. పాత సెట్టు దాన్నే వినిపిస్తుంది. ఎ - కు అనే తేడాను మాత్రం 38 కిలోహెర్ట్జ్‌లకు అటూ ఇటూ, అంటే 23 నుంచి 53 కిలోహెర్ట్జ్‌ల వరకు ఎక్కించి పంపుతారు. స్టీరియో సెట్టు ఈ రెండింటినీ కూడితే 2ఎ వస్తుంది, తీసివేస్తే 2కు వస్తుంది. ‘తేడా కూడా వస్తోంది సుమా!’ అని సెట్టుకు తెలపడానికి 19 కిలోహెర్ట్జ్‌ల దగ్గర ‘పైలట్’ అనే చిన్న సంకేతం ఉంటుంది. స్టీరియో దీపం వెలిగేది దాన్ని చూసే.

ఇక రొద సంగతి. ఎఫ్.ఎం.లో దానికొక చెడ్డ గుణం ఉంది. పౌనఃపున్యం పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. 3 కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఉన్న రొద వోల్టేజితో పోలిస్తే 38 దగ్గర ఉన్నది పన్నెండు రెట్లకు పైనే! సెట్టు ‘తేడా’ను కిందికి దించుకునేటప్పుడు ఈ రొద కూడా వెంట దిగుతుంది. స్టేషను దగ్గరలో ఉంటే సంకేతం బలంగా ఉంటుంది కనుక తెలియదు. దూరమైనా, కొండ అడ్డమైనా బయటపడుతుంది.

ఇప్పుడు ఒక్క మనిషి ఒక్క మైకు ముందు తుఫాను హెచ్చరిక చదువుతున్నాడనుకోండి. ఎ, కు రెండూ సమానం. తేడా సున్నా! అయినా పైలట్ ఉన్నంతసేపు సెట్టు ఆ సున్నా కోసం పైదాకా వెళ్ళి, ఉత్త రొదను మోసుకొస్తుంది. ఆ హెచ్చరిక ఎవరికి ఎక్కువ అవసరమో, స్టేషనుకు దూరంగా ఉన్న ఆ పల్లెలోనే రొద ఎక్కువ.

విరుగుడు చాలా సులువు. మాటల కార్యక్రమం వచ్చినప్పుడు స్టేషనువాళ్ళు పైలట్‌ను ఆపేస్తే చాలు. సెట్లన్నీ వాటంతటవే మోనోకు మారతాయి. పైలట్ తినే పదో వంతు దాకా చోటు కూడా గొంతుకే దక్కుతుంది, అయితే ఈ లాభం స్వల్పమే. నాటకానికి, సంగీతానికి స్టీరియో ఉండవలసిందే. చర్చలో ఒకరిని ఎడమకు, ఒకరిని కుడికి కూర్చోబెట్టడం మాత్రం నాకు అనవసరమనిపిస్తుంది.

స్టేషను పైలట్ ఆపకపోయినా, సంకేతం బలహీనపడగానే తేడాను కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ మోనో వైపు జారే ఏర్పాటు చాలా కారు రేడియోల్లో ఉంటుంది. ఊరు దాటి వెళ్ళేటప్పుడు పాట వింటూ ఉండండి. ఆ పక్కనున్న వీణ, ఈ పక్కనున్న మృదంగం మెల్లగా మధ్యకు జరుగుతాయి.