ఫ్యామిలీకే ఇస్తాం

గేటుకు టు-లెట్ బోర్డు చూసి బెల్లు కొడితే ఇంటివాళ్లు మొట్టమొదట అడిగేది, "ఫ్యామిలీయేనా అండీ?" ఉద్యోగమేంటి, నాన్‌వెజ్ వండుతారా, చుట్టాలెక్కువా... ఈ యక్షప్రశ్నలన్నీ ఆ తర్వాతే. బ్యాచిలర్లకే దిక్కులేదు. అలాంటిది ఒకరికొకరు ఏమీ కాని నలుగురైదుగురు ఆడవాళ్లు, ఒకప్పుడు రోడ్ల మీద తిరిగి, ఆనక ఏళ్లకేళ్లు ఆసుపత్రి వార్డులో గడిపినవాళ్లు, మామూలు వీధిలో మామూలు ఇల్లు అద్దెకు కావాలంటే?

చెన్నైలో అలాంటి ఇళ్లున్నాయి. వాటి వెనకున్న సంస్థ 'ది బ్యానియన్'. అంటే మర్రిచెట్టు. 1993లో, ఇంకా ఇరవైల్లోనే ఉన్న వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే స్నేహితురాళ్లు రోడ్డు మీద మతి చెదిరి, ఒంటి మీద బట్ట నిలవని ఒకామెను చూశారు. ఆమెను చేర్చుకునే చోటు కోసం తిరిగారు, దొరకలేదు. చివరికి తామే ఒక ఇల్లు తెరిచారు. దాని పేరు 'అడైక్కలం', తమిళంలో ఆశ్రయమని. అక్కడికి చేరినవాళ్లందరికీ తమిళం రావాలనేం లేదు. ఏదో రైలెక్కి ఎక్కడో దిగిపోయినవాళ్లు వాళ్లలో ఉంటారు. మందులు పనిచేసి, ఊరి పేరో గుడి పేరో గుర్తొచ్చాక, ఆ ఆనవాలు పట్టుకుని సొంతవాళ్ల దగ్గరికి చేరుస్తారు.

కొందరికి ఆ ఊళ్లో ఇల్లే ఉండదు. ఉన్నా తలుపు తీయరు. భర్త మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటాడు. అన్నదమ్ములు రేషన్ కార్డులోంచి పేరు ఎప్పుడో తీయించేసి ఉంటారు. జబ్బు తగ్గినా మనిషి వార్డులోనే మిగిలిపోతుంది. దేశంలోని 43 ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలను పరిశీలించి 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, అక్కడున్నవాళ్లలో మూడో వంతుకు పైగా ఏడాది, అంతకు మించి అక్కడే ఉంటున్నారు.

ఇలాంటివాళ్ల కోసమే బ్యానియన్ 'హోమ్ అగైన్' మొదలుపెట్టింది. నలుగురైదుగురికి కలిపి ఒక అద్దె ఇల్లు. శిక్షణ పొందిన సహాయకురాలు ఉంటుంది. ఎవరికెంత సాయం అవసరమైతే అంత. ఒకరికి పగలూ రాత్రీ తోడుండాలి, ఇంకొకరికి అప్పుడప్పుడూ వచ్చి పలకరిస్తే చాలు. మిగతాదంతా సంసారమే. గ్యాసు బండ, కరెంటు బిల్లు, టీవీ రిమోటు కోసం కీచులాట. వార్డులో గంట కొట్టినప్పుడు తినాలి, పెట్టింది తినాలి. ఇక్కడ పొద్దున్నే ఒకరు అడుగుతారు, "ఇవాళ ఏం వండుదాం?" పదేళ్లుగా ఆ మాట ఎవరూ అడగని మనిషికి జవాబు వెంటనే తోచదు. వంకాయ ఇష్టమో బెండకాయ ఇష్టమో వెతుక్కోవాలి. నా దృష్టిలో వైద్యం అంటే అది కూడా. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాజంలోనే అందించే మానసిక సేవల గురించి మార్గదర్శకాలు విడుదల చేస్తూ, మంచి నమూనాల్లో దీన్నీ చేర్చింది.

మనవైపు సంగతి వేరే చెప్పాలా? ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే హైదరాబాదులో "ఎర్రగడ్డ పంపాలి" అంటాం, విశాఖలో చినవాల్తేరు అంటాం. వైద్యం చేసే చోటు పేరు తిట్టయిపోయాక, అక్కణ్ణించి బయటికొచ్చిన మనిషికి మేడ మీది పోర్షన్ ఎవరిస్తారు?

చట్టం మాత్రం మొహమాటం లేకుండా చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 19 ప్రకారం, కుటుంబం లేదనో, ఇంట్లోవాళ్లు వద్దన్నారనో, ఉండటానికి ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. హాఫ్‌వే హోములు, గ్రూప్ హోముల వంటివి ఏర్పాటు చేయాల్సింది ప్రభుత్వమే. ఆ మాట రాయడానికి ముందు మనం చూసిందేమిటో మరిచిపోకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాకు దగ్గర్లో మానసిక రోగులను ఉంచే ఒక పాక అంటుకుంది. లోపలివాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చనిపోయారు.

ఇక్కడో చిక్కు ప్రశ్న ఉంది. మతి చెదిరినవాళ్లంటే జాలిపడేవాళ్లు కూడా తాగుడు దగ్గరికొచ్చేసరికి బిగుసుకుంటారు. "ముందు మానమనండి, తర్వాత చూద్దాం." న్యూయార్క్‌లో ఇల్లు లేనివాళ్ల విషయంలోనూ పద్ధతి అదే ఉండేది. మందు మానితే ఒక మెట్టు, మాత్రలు వేసుకుంటే ఇంకో మెట్టు, చిట్టచివర ఇల్లు. చాలామంది మధ్యలోనే జారి మళ్లీ ఫుట్‌పాత్ మీదికొచ్చేవారు. 1992లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని తిరగేశాడు. ముందు తాళంచెవి చేతిలో పెట్టు, మిగతావి ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు అన్నాడు. 'హౌసింగ్ ఫస్ట్' అంటే ఇదే. కెనడా 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, రెండు వేల మందికి పైగా మనుషులతో దీన్ని పరీక్షించింది. ఇలా ఇల్లు ఇచ్చినవాళ్లు మామూలు సేవలు పొందినవాళ్లకంటే ఇంట్లో బాగా నిలదొక్కుకున్నారు. తాగుడు, మత్తు విషయంలో రెండు గుంపుల మధ్యా పెద్ద తేడా కనిపించలేదు. ఈ రెండోది దాచిపెట్టి మొదటిదే చెప్పేవాళ్లున్నారు. అలా చెప్పక్కర్లేదు. మనలో ఎంతమంది తాగుబోతులకు సొంతిల్లు లేదు? తాగుతున్నాడని వాళ్లను ఎవరూ వీధిలో పడుకోమనడం లేదు.

ఈ వ్యాసం సగంలో ఉండగా మా ఆవిడ కాఫీ తెచ్చిచ్చి, కాసేపు నిలబడి చదివింది. మా పై పోర్షన్ రెండు నెలలుగా ఖాళీగా ఉంది.

"వాళ్లొచ్చి అడిగితే ఇస్తామా మరి?" అంది.

"ఆలోచించి చెప్తాం," అన్నాను.

"ఇవ్వం అని చెప్పాల్సొస్తే మీరు అనే మాట అదేగా," అని గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.