కోరింగ మడ అడవిలో పోటుపాటుల లెక్క

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనం పరిసరాల్లో వెలసిన సఫారీ విడిదుల్లో, తెల్లవారుజామున జీపులో బయలుదేరిన అతిథులు ఏ జంతువును ఎక్కడ చూశారో నమోదుచేసి, వెనుక వచ్చేవారికి తెలియజేసే ఆనవాయితీ ఉన్నది. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న కనబడితేనే యాత్ర ఫలించిందనుకోవడం వేటగాళ్ల కాలం నుంచి వచ్చిన అలవాటు. కాలినడకన వేటాడడానికి మిక్కిలి ప్రమాదకరమైనవని వారు ఎంచిన ఆ ఐదు జంతువులే నేడు కెమెరాలకు లక్ష్యమయ్యాయి. ఆ కొలమానంతో కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికి వచ్చేవారికి నిరాశ తప్పదు. ఇక్కడ ఏది కంటబడుతుందన్నది గడియారం కంటె సముద్రపు పోటుపాటుల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

గౌతమీ గోదావరి నుంచి చీలిన కోరింగ, గాడేరు పాయల నడుమ పెరిగిన ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ అంటే ఉప్పునీటిలో, గాలి చొరని బురదలో బతకగల చెట్ల సముదాయం. బురదలో ప్రాణవాయువు చాలదు గనుక తెల్లమడ చెట్ల వేర్లు కొన్ని పెన్సిళ్లు నిలబెట్టినట్లు నేలను చీల్చుకొని పైకి వస్తాయి, వీటినే శ్వాసవేర్లంటారు. నీటితోపాటు లోనికి చేరిన ఉప్పును ఆకుల మీది గ్రంథులు బయటికి నెట్టివేయడం వల్ల, ఎండవేళ సందర్శకులు నడిచే చెక్కవంతెన పక్కన వాలిన ఆకును వేలితో తడిమితే సన్నని ఉప్పుపొడి అంటుతుంది.

పాటువేళ నీరు వెనక్కు తగ్గి బురద బయటపడగానే, ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెరిగిన చిన్న మగపీతలు దానిని పైకీ కిందికీ ఊపుతూ ఆడపీతలను పిలుస్తాయి, తడి చర్మంతో గాలి పీల్చగల చేపలు బురద మీద గెంతుతాయి, వాటి వెనకే కొంగలూ, శీతకాలమైతే ఉత్తరాది దేశాల నుంచి వలసవచ్చిన ఉల్లంకి పిట్టలూ దిగుతాయి. కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోటి దగ్గరి బురదమేటల మీద, కింది ముక్కు పైముక్కు కంటె పొడవుగా ఉండి దానితో నీటిని కోస్తూ ఎగిరే అరుదైన ఇండియన్ స్కిమ్మర్ పక్షులు గుంపుగా వాలడం కద్దు. పోటు ఎక్కితే ఈ సందడి సద్దుమణుగుతుంది. అయితే పడవ లోపలి కాలువల్లోకి వెళ్లగలిగేది అప్పుడే గనుక, గుంపుగా చేపలు తరిమే నీటికుక్కలు కనబడే అవకాశమూ ఉంటుంది.

కోరింగ పేరు చెప్పగానే తలపుకు వచ్చే బావురు పిల్లి మాత్రం సందర్శకులకు దాదాపుగా కనబడదు. పెంపుడు పిల్లికి రెండింతల ఒళ్లు, బూడిద చాయ మీద నల్లచుక్కలు, వేళ్ల నడుమ కొద్దిపాటి చర్మపు పొర, లోపలికి పూర్తిగా ముడుచుకోని గోళ్లు, నీటిని ఒంటికి అంటనీయని దట్టమైన లోబొచ్చు గల ఈ జంతువు, ప్రధానంగా రాత్రివేళ కాలువ గట్టున పొంచి చేపను పట్టుకొంటుంది. దాని ఉనికికి సాక్ష్యం కదలికను పసిగట్టి తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు, బురదలోని అడుగుజాడలు. 2018 నాటి గణనలో ఇక్కడ 115 బావురు పిల్లులున్నట్లు తేల్చారు. సఫారీ విడిదుల్లోలా చూసినవారు చిట్టాలు ఎన్ని రాసినా ఈ సంఖ్య తేలేది కాదు.

కాకినాడ తీరానికి ఎదురుగా, గడచిన రెండు శతాబ్దాల్లో గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్‌కు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్తాయి. గూటిలోని వేడిని బట్టే పిల్లలు మగవో ఆడవో నిర్ణయమవుతుంది. తీరాన తాబేళ్ల కళేబరాలు కూడా కనబడుతుంటాయి. ఊపిరి కోసం పైకి రావలసిన తాబేలు మరపడవల వలలో చిక్కితే మునిగి చస్తుంది గనుక, వలకు కమ్ముల చట్రమమర్చి తాబేలు తప్పించుకునే దారి ఉంచే పరికరం కనిపెట్టారు. మరపడవలకు ఏటా విధించే 61 రోజుల చేపలవేట నిషేధం మాత్రం మొదలయ్యేది ఏప్రిల్ 15న. అప్పటికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు గడచిపోతుంది.